మేబెల్‌కు నీళ్ళెవరు పోస్తారు

నేరేడ్‌మెట్‌లో ఆ వీధికి తెల్లారేది మేబెల్ ఇంటి గోడ దగ్గర. చలికాలం వచ్చిందంటే పాలపాకెట్ల కన్నా ముందు బకెట్లు వచ్చి వరుసగా కూచునేవి. మేబెల్ ఒక్కో బకెట్‌లో చెయ్యి పెట్టి కీర్తనలో ఒక చరణం పాడుకునేది. చరణం అయ్యేసరికి నీళ్ళు పొగలు కక్కేవి. పల్లవి కూడా పాడిందంటే ఇక ముట్టుకోలేం. దీనికి వీధిలో ఎవరూ ఆశ్చర్యపోయింది లేదు. ఎవరి బకెట్ ముందు అని తగాదాలు మాత్రం అయ్యేవి.

భర్త జకర్యా రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. పెళ్ళైన మర్నాటి నుంచీ ఆయనకు నీళ్ళు తోడి "తోడిన, లేవండి" అనడం ఆమె పని. లేవడం ఆయన పని. అది కూడా కష్టమేనని ఆయన నమ్మకం.

పోయిన జనవరిలో ఒక పొద్దున చరణం అయిపోయింది, పల్లవీ అయిపోయింది, నీళ్ళు చల్లగానే ఉన్నాయి. మర్నాడూ అంతే. వీధివాళ్ళు మంచివాళ్ళు, ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కరే గీజర్లు కొనుక్కున్నారు. చివరికి పక్కింటి కాంతమణి కూడా గోడ దగ్గరికి రావడం మానేసింది.

"నాతోని ఇంక ఎవరికి పనుందండీ" అని మేబెల్ వంటింట్లో నిలబడి ఏడ్చింది. జకర్యా టీ అడిగాడు.

కూతురు జెరూషా జార్జియాలో మెడిసిన్ చదువుతోంది. అక్కడ వేడినీళ్ళ బుగ్గల ఊరొకటి ఉంది, మమ్మీని తీసుకురమ్మంది. ఎండాకాలంలో ఇద్దరూ వెళ్ళారు.

సోవియట్ రోజుల్లో ఫ్యాక్టరీ కార్మికులను సర్కారే రైలెక్కించి పంపి, కీళ్ళనొప్పులకు ఆ ఊళ్ళో బుగ్గనీళ్ళలో కూచోబెట్టేదట.

"నన్ను సుత ఎవరన్న గిట్ల పంపుంటే ఇంకో పదేళ్ళు డ్యూటీ చేస్తుంటి" అన్నాడు జకర్యా.

ఇప్పుడా భవనాలు రాతి స్తంభాలతో, పెచ్చులూడి నిలబడ్డాయి. మెట్ల మీద అంజూరపు చెట్లు మొలిచాయి. ఒకప్పుడు డాన్సులు చేసిన హాల్లోంచి ఒక ఆవు బయటికొచ్చి, వీళ్ళను చూసి, మళ్ళీ లోపలికి పోయింది. ఆవును చూశాక మేబెల్‌కు ఊరు నచ్చింది.

నడుస్తున్న స్నానశాల ఒక్కటే మిగిలింది. దాన్ని చూసుకునే ముసలావిడ పేరు లాలి. పేరు వినగానే జకర్యా ఆవలించాడు. జెరూషా తల్లి చేతుల సంగతి చెబితే, పైపు పాడైందని విన్నట్టు లాలి తలాడించి, ఒక్కటే అడిగింది.

"మమ్మీ, నీకు నీళ్ళెవరు పోస్తారని అడుగుతుంది."

"నాకెవరు పోస్తరే? నేనే పోసుకుంట."

కూతురు ఆ జవాబు చెప్పాక లాలి జకర్యా వైపు చాలాసేపు చూసింది. ఆయన పైకప్పు చూడసాగాడు.

భార్యాభర్తలకని విడిగా ఒక గది ఇచ్చారు. నీలం పలకల తొట్టి, గోరువెచ్చని నీళ్ళు, అడుగు నుంచి బుడగలు. అందులో మెడదాకా మునిగి కూచోవాలి. మేబెల్ పంజాబీ డ్రస్‌తో మెట్టు మీద కూచుని, సంచిలోంచి ఇంటి ప్లాస్టిక్ మగ్గు తీసింది. మునగడమంటే ఆమెకు బాప్తిస్మం. స్నానమంటే పోసుకోవడం.

లాలి వచ్చి ఆ మగ్గు లాక్కుని, జకర్యా చేతిలో పెట్టి, తలుపేసి వెళ్ళిపోయింది. అర్థం కాకపోవడానికి అందులో జార్జియన్ ఏమీ లేదు.

జకర్యా ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగాడు. మొదటి మగ్గు సగం ఆమె చెవిలో పోశాడు.

"మెల్లగండి."

రెండోది వీపు మీద పోశాడు. అమ్మ పోయాక ఇంకో మనిషి తనకు నీళ్ళు పోయడం ఇదే. అది గుర్తొచ్చి మేబెల్‌కు దుఃఖం వచ్చింది, సంతోషమూ వచ్చింది. ఆయన పోస్తూనే ఉన్నాడు. మగ్గులోంచి పొగలు లేచాయి.

"ఏమండీ, కాలుతున్నయ్."

"నేనేం చేసిన?"

ఆయన అరచేతులు ఎర్రబడి ఉన్నాయి. మేబెల్ తన చేతులు తడిమి చూసుకుంది. చల్లగానే ఉన్నాయి. వింతగా, బాధ అనిపించలేదు.

నేరేడ్‌మెట్‌లో మళ్ళీ చలి షురూ అయింది. జకర్యాకు రాగాలు రావు. లుంగీ కట్టుకుని గోడ దగ్గర గొంతుకూచుని, మేబెల్‌కు తోడిన బకెట్‌లో చెయ్యి పెట్టి స్టేషన్ల పేర్లు చదువుతాడు. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్. బీబీనగర్ వచ్చేసరికి నీళ్ళు కాగుతాయి.

ఒక పొద్దున కాంతమణి ఉత్త చేతులతో వచ్చింది.

"బకెట్ ఏదమ్మా?"

"బకెట్ ఎందుకన్నా, గీజరున్నది. బకెట్ లేకుండ రానీకి ఇన్నొద్దులు సిగ్గయింది. వదిన కోసమొచ్చిన."

"పండుకున్నది. లేపను."

"లేపకు. నేను కూచుంట తియ్" అని ఆమె గడప మీద కూచుంది.

లోపల మేబెల్‌కు మెలకువగానే ఉంది. తన కోసం ఒక మనిషి ఊరికే వచ్చి కూచుందని విని, హాయిగా ఇంకాసేపు పడుకుంది.