సూరన్న నీళ్ళు

పొద్దున్నే బేసిన్‌లో నీళ్ళు సముద్రంలో కలిపి రావడం దేవి పని. మంచం తలవైపు పెట్టిన సత్తు బేసిన్ తెల్లారేసరికి నిండి ఉంటుంది. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని, తొణక్కుండా సందు దాటి, ఆరేసిన వలల కింద వంగి, తెప్పల మధ్యనుంచి ఒడ్డుకి వెళ్ళి అలలోకి వంచేసి రావాలి. ఆ తరవాతే పళ్ళు తోముకోవడమైనా, బడికి వెళ్ళడమైనా. ఇంటిముందే మురిక్కాలవ ఉంది. మొదటిరోజు దేవి అందులోనే పోయబోతే మామ్మ దేముడమ్మ కయ్యిమంది.

"కాలవలో పోత్తావేటే గుంటా? మీ నాన్న ఉన్న నీళ్ళే అవి!"

ఆ నీళ్ళు దేవి తల్లి గంగాభవాని జుట్టులోంచి కారేవి. వానాకాలంలో సూరన్న ఎక్కిన బోటు వాయుగుండంలో చిక్కుకుంది. చెక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. ఆ కబురు తెలిసిన సాయంత్రం నుంచి గంగాభవాని జుట్టు తడవడం మొదలెట్టింది. తుడిస్తే ఆగలేదు, ఎండలో కూచోబెడితే ఆరలేదు. పోటు వేళ ధారగా, పాటు వేళ చుక్కచుక్కగా, ఉప్పునీళ్ళు.

జాలారిపేటలో దీనికి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పరామర్శకొచ్చినవాళ్ళు "కాలు జారుద్ది, సూసి అడుగెయ్యండి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు, అంతే. పక్కింటి పోతమ్మ అయితే ఏకంగా చెంబు పట్టుకొచ్చి, కవళ్ళ చేపలు ఉప్పులో ఊరెయ్యాలి, రెండు చెంబులు ఇమ్మని అడిగింది. దేముడమ్మ ఆవిణ్ణి సందు చివరిదాకా తిట్టింది. మర్నాడు తనే వెళ్ళి పలకరించింది కూడా. పక్కింటివాళ్ళతో ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఉంటారు!

గంగాభవాని మాత్రం ఎవరినీ పలకరించలేదు. అంతకుముందు ఆమె హార్బరులో బేరానికి దిగితే వేలంపాట వాడు కూడా గొంతు తగ్గించేవాడు. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకునేది. మామ్మ బతిమాలితే రెండు ముద్దలు తినేది. సూరన్నకి కర్మ చేద్దామని అతని అన్న పైడయ్య వచ్చి అడిగిన రోజు ఒక్కసారే నోరు విప్పింది.

"నీటిలోన ఉన్నోడికి కర్మేటి బావా? తలుపు తీసుంచండి" అంది.

దేవికి జడ వేసేవాళ్ళు లేక జుట్టంతా రబ్బరు బ్యాండులో దూర్చుకుని బడికి వెళ్ళేది. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ నీళ్ళు వంచేముందు బేసిన్‌లోకి ముఖం దించి వాసన చూసేది. డీజిలు, బీడీ పొగ, కొత్త నైలాను వల. అచ్చం నాన్న. నాన్న పోయాడని అందరూ ఏడుస్తూంటే దేవికి ఏడుపు రాకపోవడానికి కారణం అదే. తనకి రోజూ కాసేపు నాన్న ఉన్నాడు.

బడిలో అనూరాధ టీచర్ అయిదో తరగతికి శనివారం ఆఖరి పీరియడు మనసు పీరియడని పేరు పెట్టింది. మీ మనసెలా ఉందో చెప్పండర్రా అంటే మొదట్లో పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడావిడ పోర్టు జెండాల మాటెత్తింది. తుఫానుకి పోర్టువాళ్ళు ప్రమాద హెచ్చరిక నంబర్లు ఎగరెయ్యడం పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "మీ లోపల ఇవాళ ఎన్నో నంబరు?" అని అడిగింది. అంతే, పిల్లలకి దారి దొరికింది. నాన్న తాగొచ్చి కొట్టిన రోజు చింటూ "ఏడు టీచర్" అనేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. పక్కవాడు జరిగి చోటిచ్చేవాడు.

"అన్నిటికన్నా పెద్దది పదకొండు. అంటే పోర్టుకి కబురే తెగిపోయిందన్నమాట. వాళ్ళు మనల్ని పిలవలేరు. మనమే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి" అని చెప్పింది టీచర్.

దేవి వంతు వస్తే "ఏటీ నేదు టీచర్, సున్నా" అనేది. ప్రతివారమూ సున్నాయే. టీచర్ ఆ రబ్బరు బ్యాండు వైపు ఓసారి చూసి పక్కపిల్లని అడిగేది.

ఒక సాయంత్రం యూనివర్సిటీలో చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్ళు ముగ్గురు చేపలు కొనడానికి హార్బరుకి వచ్చారు. పిల్లలు వాళ్ళ వెంటపడి "నల్లోడో, నల్లోడో" అని కేకలేశారు. చింటూ ముందు, మిగతా మంద వెనక. అందులో దేవి కూడా ఉంది. బస్సు కోసం నిలబడ్డ అనూరాధ టీచర్ అదంతా చూసింది.

మర్నాడు ఆవిడ లెక్కలు పక్కన పెట్టి గోడకి ప్రపంచ పటం తగిలించింది. తిట్టలేదు. దానికే పిల్లలకి ఎక్కువ భయమేసింది.

"పోర్టు బొగ్గు పొడి మన ముఖాలమీద పడి ఎన్నాళ్ళయిందో ఎవరైనా అద్దంలో చూసుకున్నారా?" అని మాత్రం అంది. తరవాత పటం మీద వేలు పెట్టి, ఇటు ఆఫ్రికా, అటు అమెరికా, మధ్యలో ఈ సముద్రం అని చూపించింది. కొన్ని వందల ఏళ్ళపాటు ఆఫ్రికా మనుషుల్ని పట్టుకుని, గొలుసులేసి, ఓడల అడుగున పడుకోబెట్టి అటు అమ్మారని చెప్పింది.

"ఐసు పెట్టెలో సేపల్నాగా?" అన్నాడు చింటూ.

"అలాగే. పక్కకి తిరగడానికి కూడా చోటు లేకుండా."

"దార్లోన సచ్చిపోతే?"

"సముద్రంలో పడేసేవాళ్ళు."

సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలు వాళ్ళు. వెనక బెంచీనుంచి దేవి లేచి నిలబడింది. "మరి ఆళ్ళకి కర్మ ఎవులు సేసేరు టీచర్?"

ఎవరు చేశారో ఎక్కడా రాసి లేదని టీచర్ చెప్పింది. వాళ్ళ పేర్లు మార్చేశారని, సొంత భాష మాన్పించారని, చదివితే కొరడాతో కొట్టారని చెప్పింది. అయినా వాళ్ళు చాటుగా చదువుకున్నారని, పాటల్లో కబుర్లు పంపుకున్నారని, తిరగబడ్డారని, పోరాడి విడుదల తెచ్చుకున్నారని కూడా చెప్పింది. అవతలి ఒడ్డున వాళ్ళ మునిమనవరాళ్ళు ఇప్పటికీ ఒక సంగతి చెప్పుకుంటారట. ఓడ ఎక్కించే ముందు కొందరు తల్లులు పిల్లల జడల్లో వడ్లు దాచి అల్లారట. ఎక్కడ దిగినా నాటుకుని తింటారని. "నిన్న మీరు తరిమిన అబ్బాయిలు ఆ తల్లుల చెల్లెళ్ళ మునిమనవలే అయ్యుంటారు" అంది టీచర్. ఆ ఆదివారం చింటూ హార్బరులో వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి, "సారీ అన్నా" అని చెప్పి, జవాబు వినకుండా పరుగెత్తుకొచ్చేశాడు.

దేవి బుర్రలో మాత్రం జడ ఒక్కటే ఉండిపోయింది.

ఇంటికి రాగానే డబ్బాలోంచి గుప్పెడు రేషను బియ్యం తీసింది. తల్లి వెనక కూచుని, ఆ తడి జుట్టు మూడు పాయలు చేసి, మధ్యమధ్య బియ్యం దూరుస్తూ జడ అల్లింది. గంగాభవాని కదల్లేదు. పొద్దున్నకి బియ్యం నాని ఉబ్బి, ఆ తరవాతి రోజుకి పులిసి కంపు కొట్టింది. దేముడమ్మ మనవరాలి నెత్తిన ఒకటి మొట్టి, కోడలి తల నాలుగుసార్లు కడిగింది. ఉప్పునీళ్ళు మళ్ళీ మామూలే.

సంగతి విని దేవి స్నేహితురాలు శ్రీసత్య పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళది కోనసీమ. నాన్న పోర్టులో క్రేను మీద పనిచేస్తాడని పేట వెనక వీధిలో అద్దెకుంటారు.

"బియ్యం మొలకెత్తుతాయేంటే పిచ్చిమొహమా? పొట్టు తీసేశాక ఇంకేముంటుంది అందులో? వడ్లు కావాలి!"

దేవికి వడ్లంటే ఏమిటో తెలియదు. ఆమె ఎరిగిన బియ్యం డిపోలో సంచిలోంచే వస్తుంది. శ్రీసత్య వాళ్ళింటి గుమ్మానికి, పిచ్చుకలు తింటాయని వాళ్ళ అమ్మమ్మ ఊరినుంచి పంపిన వరికంకుల కుచ్చు వేలాడుతూ ఉండేది. పట్నంలో పిచ్చుకలేవీ? కుచ్చు అలాగే ఉంది. మర్నాడు అందులోంచి రెండు కంకులు తెంపి తెచ్చి దేవి చేతిలో పెట్టింది.

"ఉప్పునీళ్ళలో మామూలుగా రావు. కానీ మీ అమ్మవి మామూలు నీళ్ళు కావుగా. చూద్దాం. మొలకొస్తే మాత్రం ఉన్న నీళ్ళన్నీ పీల్చేస్తాయి మరి" అంది.

దేవి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నీళ్ళన్నీ పీల్చేస్తే, మరి నాన్న?

ఆ కంకుల్ని పుస్తకాల సంచి అడుక్కి తోసేసింది. ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఇలాగే ఉన్నా ఫరవాలేదు, నాన్న ఉంటే చాలు అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకోవడం మానలేదు. పొద్దున్నే బేసిన్‌లో ముఖం ఇంకాసేపు ఉంచేది.

ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. తడి చారిక గుమ్మం దాటి, సందు పొడుగునా ఒడ్డుదాకా ఉంది. దేవి సంచి పారేసి పరుగెత్తింది. గంగాభవాని నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంది. అల వచ్చినప్పుడల్లా ఒక అడుగు ముందుకి వేస్తోంది. జుట్టు విడిపోయి నీళ్ళమీద తేలుతోంది. ఎక్కడివరకు జుట్టో, ఎక్కడినుంచి సముద్రమో తెలియడం లేదు. దేవి అరిచిన అరుపుకి వలలు బాగుచేస్తున్న పైడయ్య పరుగున వచ్చి ఆమెని ఒడ్డుకి లాక్కొచ్చాడు.

"పిలుత్తన్నాడు" అంది గంగాభవాని.

ఆ శనివారం టీచర్ అడిగింది. "దేవీ, ఎన్నో నంబరు?"

"పదకొండు టీచర్. నాది కాదు. మాయమ్మది."

అనూరాధ టీచర్ పీరియడు అయ్యేదాకా కూడా ఆగలేదు. తరగతిని పక్క టీచరుకి అప్పజెప్పి, దేవి చెయ్యి పట్టుకుని, దార్లో ఆరోగ్య కేంద్రం నర్సుని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. తడి నేలమీదే చీర కుచ్చెళ్ళు తడుపుకుంటూ కూచుంది. గంగాభవాని చెయ్యి పట్టుకుంది. సోమవారం పెద్దాసుపత్రి మనసు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానని దేముడమ్మకి చెప్పి లేచింది.

వాళ్ళు వెళ్ళాక దేవి సంచి అడుగునుంచి కంకులు తీసింది. వడ్లు దులిపింది. మంచంమీద తల్లి వెనక మోకాళ్ళమీద కూచుని, ముందు ఆ జుట్టులో ముఖం పెట్టుకుని గట్టిగా వాసన పీల్చింది. ఆ తరవాత పాయలు తీసింది. వడ్లు బియ్యంలా మెత్తగా లేవు, వేళ్ళకి గరుగ్గా గుచ్చుకున్నాయి.

"ఏటి సేత్తన్నావే?" అంది గంగాభవాని గోడకేసి చూస్తూనే.

"జడేత్తన్నానమ్మా."

"బిగించీకు."

"నేదు, వొదులుగానే ఏత్తన్నాను."

రెండు రోజులు పోయాక గంగాభవాని మంచంమీద లేచి కూచుని, "ఓలమ్మ, బుర్ర దురదెట్టీసి సంపేత్తన్నాది" అని విసుక్కుంది. ఇన్నాళ్ళకి కోడలు విసుక్కుందని దేముడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జడ పొడుగునా తెల్లటి మొలకలు. తరవాత పచ్చటివి. పోతమ్మ వచ్చి చూసి, "నారు బాగా తీసింది, పలుచ చెయ్యాల" అని చెప్పి వెళ్ళింది. బేసిన్ సగానికి దిగింది, ఆ తరవాత పావుకి. పెద్దాసుపత్రి మాత్రలవల్లా, మొలకలవల్లా అని పేటలో ఎవరూ వాదించుకోలేదు. మామ్మ రెండిటికీ దండం పెట్టింది.

ఒకరోజు దేవి లేచి అలవాటు కొద్దీ బేసిన్ ఎత్తుకుంది. సందు దాటింది, వలల కింద వంగింది, ఒడ్డుకెళ్ళింది. వంచడానికి అందులో ఏమీ లేదు. ముఖం దించితే సత్తు వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళూ అందరూ ఏడ్చిన ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. బేసిన్ కావలించుకుని ఇసకలో కూలబడి, "నాన్నా, నాన్నా" అని ఏడ్చింది.

వెనకనుంచి ఎవరో వచ్చి పక్కన కూచున్నారు. గాలికి పొడి జుట్టు ఎగిరి దేవి చెంపకి తగిలింది.

"నానూ ఉన్నానే" అంది గంగాభవాని. ఇద్దరూ ఎండ ఎక్కేదాకా అక్కడే ఏడ్చారు. ఆ శనివారం దేవి "తొమ్మిది టీచర్" అని చెప్పింది. శ్రీసత్య జరిగి చోటిచ్చింది.

జడలోంచి తీసిన నారుని పిల్లలు ఐసు పెట్టెలో మట్టి పోసి బడి వరండాలో నాటారు. నీళ్ళు పొయ్యడానికి వంతులు వేసుకున్నారు, వంతుల కోసం కొట్టుకున్నారు కూడా. గంగాభవాని తట్ట నెత్తిన పెట్టుకుని హార్బరుకి వెళ్ళడం మొదలెట్టింది. కొన్ని రోజులు వెళ్ళేది, కొన్ని రోజులు గోడవైపే తిరిగి పడుకునేది. ఎండలు ముదిరేసరికి పెట్టెలో కంకులు బంగారం రంగుకి తిరిగాయి. దంచితే గుప్పెడు బియ్యం వచ్చాయి.

"పైడయ్య బావని పిలవండత్తా" అంది గంగాభవాని ఆ రాత్రి అన్నం తింటూ.

కర్మ రోజు పొద్దున్న ఆమె దేవిని మోకాళ్ళ మధ్య కూచోబెట్టుకుని గట్టిగా జడ వేసింది. తరవాత కొత్త కుండలో ఆ గుప్పెడు బియ్యమూ వండింది. పిండం అన్నంలో ఉప్పు వెయ్యరు. ఆమె వెయ్యలేదు. ఒడ్డున పైడయ్య ముద్ద చేసి, "మీ నాన్నకి నువ్వే పెట్టమ్మా" అని దేవి దోసిట్లో పెట్టాడు. దేవి మోకాలిలోతు దిగి ముద్దని నీళ్ళలో వదిలింది. పటంలో ఉన్న ఆ సముద్రం గుర్తొచ్చింది. దాని అడుగున ఉన్నవాళ్ళకి కూడా ఇందులోంచే కాస్త వెళ్ళాలని మనసులో అనుకుంది. అల వచ్చి ముద్దని తీసుకుపోయింది.

వేళ్ళకి రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. దేవి వాటిని నోట్లో పెట్టుకుంది. ఉప్పగా ఉన్నాయి.