నా పనిబల్లకి మెడల్ వచ్చింది

పెన్సిలుగాడు నన్ను ఎరగనన్నాడు. దారిన పోయేవాడెవడో కాదు, మా అక్క కొడుకు, నా సొంత మేనల్లుడు. చిన్నప్పుడు నన్ను చూసి చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఊరంతా తిరిగేవాడని ఆ పేరు పెట్టింది కూడా నేనే. నలుగురి ముందు, నాకు ఎనిమిదడుగుల దూరంలో నిలబడి, నా మొహం చూస్తూనే ఆ మాట అన్నాడు.

నేను యూనివర్సిటీలో బొమ్మలూ నాటకాలూ నేర్పే విభాగానికి వడ్రంగిని. ఏడో తరగతితో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి. నాటకాల పిల్లలకి స్టేజీ మీద ఇళ్లూ మెట్లూ కడతాను, బొమ్మల పిల్లలకి ఫ్రేములు బిగిస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. కట్టిన ఇల్లు నాలుగు రోజులుంటే ఎక్కువ, అయిదో రోజు నేనే పీకాలి. అంత చోటులో నాదంటూ ఉన్నది ఒక్క పనిబల్ల. నేను చేరిన ఏడాది పాత స్టేజీ నేల పీకి పారేస్తుంటే, అప్పటి సూపర్‌వైజర్ని అడిగి ఆ టేకు పలకలు తెచ్చుకుని, సెలవు రోజుల్లో కూర్చుని చేసుకున్నాను. దాని ఒంటి నిండా నా రంపం గాట్లు, జిగురు మరకలు, ఎప్పటివో కొలతలు. వచ్చే ఏడాది ఈ ఉద్యోగానికి ఒక దండం పెట్టేసి, బల్ల ఇంటికి తెచ్చుకుని, తలుపులూ బీరువాలూ చేసుకుని బతుకుదామనుకున్నాను. చేతికి అలవాటైన బల్ల ఉంటే వడ్రంగికి వేరే యజమాని అక్కర్లేదు.

పెన్సిలుగాడిని అక్కడ చేర్పించింది నేనే. అప్లికేషను కోసం ఆఫీసు గుమ్మం ముందు రెండు పూటలు నిలబడ్డాను. మొదటి ఏడాది మధ్యాహ్నం కాగానే "మామయ్యా" అంటూ వర్క్‌షాపులోకి దూరి నా క్యారియరు ఖాళీ చేసేవాడు. రెండో ఏడాది స్నేహితులు పోగయ్యారు, నేను "మేస్త్రి గారు" అయ్యాను. లైట్లు చూసే ఆయన అది విని, "మేనల్లుడు నీకు ప్రమోషనిచ్చాడు గురూ, టీ ఎప్పుడు పోయిస్తావు?" అన్నాడు. టీ పోయించాను కూడా. నా తెలివి అంత.

నాలుగో ఏడాది చివర ఒక్కొక్కరూ సొంతంగా ఏదో ఒకటి చేసి గ్యాలరీలో పెట్టాలి. బయటి నుంచి ఒక ఎగ్జామినరు వచ్చి చూసి మార్కులేస్తాడు. మావాడు ఆర్నెల్లుగా గీయడం, చెరపడం, గడ్డం గోక్కోవడం తప్ప చేసింది లేదు. పరీక్ష ఇంకో వారం ఉందనగా వచ్చి నా బల్ల మీద కూర్చుని కాళ్లాడిస్తూ, నాలుగు రోజులు ఇది ఇస్తావా మామయ్యా అన్నాడు. ఆ పిలుపు విని రెండేళ్లయింది. వాడు చేసినవేవో దాని మీద పెట్టి చూపిస్తాడు కాబోలు అనుకున్నాను. తీసుకోరా, అడగాలా అన్నాను. ఏమీ తుడవొద్దు, ఉన్నదున్నట్టు పంపమన్నాడు. నాకు శ్రమ ఎందుకని అలా అంటున్నాడనుకున్నాను.

పెద్దపెద్దవాళ్లు వచ్చే చోటికి ఆ మురికి బల్ల ఎలా పంపుతాను? పరీక్ష ముందు రోజు సాయంత్రం చిత్రిక తీసి ఒక పక్క నుంచి పట్టడం మొదలుపెట్టాను. పైపొర లేస్తుంటే లోపల చెక్క తేనె రంగులో బయటపడింది. మూడోవంతు అయ్యేసరికి పెన్సిలుగాడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. "సర్వనాశనం చేశావు మామయ్యా" అని చెక్కపేళ్లలో చతికిలబడ్డాడు. నాకేం అర్థం కాలేదు. కాసేపటికి లేచి, బల్ల చుట్టూ రెండు సార్లు తిరిగి, ఉండనీ, ఇలాగే ఉండనీ అన్నాడు. పన్నెండు మందికి భోజనం వడ్డించి సగంలో ఆపినట్టు, ఒక పక్క కొత్తగా, ఒక పక్క పాతగా, అలాగే మోసుకెళ్లి గ్యాలరీ నడుమ పెట్టాం. దీని మీద పెట్టేవి ఏవిరా అంటే, తర్వాత అన్నాడు.

మర్నాడు ఒక కాలు ఊగుతోందని కబురు పంపితే వెళ్లాను. కింద చెక్కముక్క బిగించి లేచేసరికి ఎగ్జామినరు వచ్చేశాడు, వెనకాల మా హెడ్డు మేడం. ఆవిడ నాకు చీటీలు పంపడమే గానీ వర్క్‌షాపు గడప ఏనాడూ తొక్కలేదు. నేను సుత్తి పట్టుకుని గోడవారకి జరిగాను. బల్ల మీద ఇంకా ఏమీ లేదు. అప్పుడు గోడకున్న అట్ట చూశాను. పెన్సిలుగాడి పేరు, కింద "దొరికిన వస్తువు" అని. వాడు పరీక్షకి పెట్టింది నా బల్లనే.

ఎగ్జామినరు నేను చిత్రిక పట్టిన మేర వేళ్లతో తడిమి, ఇక్కడ మాత్రం చెరిపెయ్యాలని నీకెందుకు అనిపించింది బాబూ అని అడిగాడు. మావాడు గుటక కూడా వెయ్యకుండా, చెరపడం కూడా ఒక గుర్తేనండీ, అందుకే కావాలని చేశానన్నాడు. ఆయన చాలాసేపు తల ఊపాడు. తర్వాత, దీని మీద పనిచేసిన మనిషి ఎవరో తెలుసా అన్నాడు.

పెన్సిలుగాడు నావైపు చూశాడు. పిలుస్తాడని నేను చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.

"తెలీదండీ. పాత సామాన్ల కొట్లో దొరికింది. ఆయనెవరో ఇప్పుడు ఎవరికీ తెలీదు."

బయట నీళ్ల కుళాయి దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. కొడదామనే వెళ్లాను. వాడు కళ్లెత్తకుండా చెప్పాడు. "నువ్విచ్చావంటే అది నీ పనవుద్ది మామయ్యా. దొరికిందంటేనే నాది." పైగా పరీక్షలో ఉద్యోగి చెయ్యి పడిందని తెలిస్తే ఇద్దరి మీదా చర్య తీసుకుంటారట. నాలుగు రోజులు ఓపిక పడితే బల్ల నీ దగ్గరికే వస్తుందన్నాడు.

నాలుగు రోజులకి వచ్చింది మెడల్, ఆ ఏడాది పిల్లలందరిలో మొదటివాడికిచ్చేది. ఆ వెనకే హెడ్డు మేడం చీటీ వచ్చింది. ఆ బల్లని విభాగం శాశ్వతంగా ఉంచుకుంటోందనీ, ముందు హాల్లో నేలకి బోల్టులు వేసి బిగించమనీ. నాకే. నా బల్లని నేనే.

చీటీ పట్టుకుని ఆవిడ గదికి బయల్దేరాను. కారిడార్‌లో అక్క కూర్చుని ఉంది. కుట్టుపని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, జాకెట్టుకి సూది అలాగే ఉంది. వాడు ముందే చెప్పి పంపాడన్నమాట. నన్ను బతిమాలలేదు, తిట్టలేదు. "బల్ల ఇంకోటి చేసుకోవచ్చు తమ్ముడూ. వాడికి ఇంకో నాలుగేళ్లు నేనెక్కణ్ణించి తేను?" అంది. నువ్వు వాడి మాట మొయ్యడానికి వచ్చావా అక్కా అని అడిగాను. సూది తీసి కొంగు అంచుకి గుచ్చుకుంది.

లోపలికి వెళ్లాక మేడం అద్దాల పైనుంచి చూసి, ఏంటి మేస్త్రీ అంది. నా పనిబల్ల పోయిందండీ అన్నాను. ఎవరు తీశారు అని అడిగింది. అంతే, అక్కడే ఉంది అంతా. ఒక్క పేరు చెబితే బల్ల నాది, మెడల్ వాడిది కాదు. తలుపు అద్దంలో అక్క నీడ కనబడుతోంది.

"పురుగు పట్టిందండీ. పారేశాను. ఇంకోటి కావాలి."

ఇనప బల్లకి సంతకం పెట్టింది. ఉలి పెడితే గణగణమంటుంది అది.

వారం తర్వాత ముందు హాల్లో నేలకి చిల్లులు వేశాను. నాలుగు కాళ్లకీ నాలుగు బోల్టులు. ఆఖరి నట్టు బిగిస్తుండగా పెన్సిలుగాడు కొత్త చొక్కాలో వచ్చాడు, కూడా ఫొటోగ్రాఫరు, హెడ్డు మేడం. వాడి కోసం అబద్ధమాడానని వాడికి తెలుసు, అక్క చెప్పే ఉంటుంది. ఒక్కసారి మామయ్యా అంటాడేమో అని మోకాళ్ల మీదే ఉండి చూశాను. మేడం ఏదో మాట్లాడుతోంది, వాడు వింటూ నా భుజం మీద రెండు వేళ్లు ఆనించాడు.

"మేస్త్రి గారూ, కాస్త పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు."

జరిగాను. ఆ రోజు నుంచి అక్క ఇంటికి వెళ్లలేదు, వాడి పేరు నా ఇంట్లో ఎవరూ ఎత్తరు. రేపు ఎవరైనా నీదేం పోయిందయ్యా అని అడిగితే చెప్పడానికి కొలత నా దగ్గరుంది. పాత స్టేజీ టేకు, మూడు పలకలు. పొడవు ఆరడుగుల నాలుగంగుళాలు, వెడల్పు రెండడుగుల రెండంగుళాలు, ఎత్తు రెండడుగుల పదంగుళాలు.