బడేబీ కాలి కింద గిర్ని

ఎనభై మూడు ఎండాకాలం. హైదరాబాదులో ఇంజినీరింగ్ ముగించి వరంగల్ సబ్‌స్టేషన్‌లో చేరిన కొత్తలో నాకు ఫ్రీక్వెన్సీ మీటరంటే పిచ్చి ప్రేమ. దాన్లో సన్నటి రేకులు వరసగా ఉంటాయి, కరెంటు సెకనుకు ఎన్ని సైకిళ్ల మీద నడిస్తే ఆ అంకె దగ్గరి రేకు గజగజలాడుతుంది. యాభై ఉండాలి. వాడకం పెరిగితే అది దిగుతుంది, మరీ దిగితే ఏదో ఒక పేటకు కరెంటు తీసెయ్యాలి. ఎక్కడో మద్రాసులో మిల్లులు మొదలైతే ఇక్కడ నా ముందు అదిరే రేకు మారుతుందంటే ఒళ్లు పులకరించేది.

ఆపరేటర్ ఇమాం పాషా భాయ్‌కి మాత్రం మీటరు చూస్తే భార్య గులాబ్ బీ గుర్తొచ్చేది. కొత్తవాడలో ఆమెది పిండిగిర్ని. సైకిళ్లు తగ్గితే మోటారు గొంతు బరువెక్కుతుంది. అది వినగానే ఆమె గింజలు పోయడం ఆపి రాళ్లు ఖాళీ చేసుకునేది. లేకపోతే కరెంటు పోయాక తడి పిండి రాళ్ల మధ్య బిగుసుకుంటుంది, గిర్ని మొత్తం విప్పాల్సిందే.

ఆ మధ్యాహ్నం ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది భాయ్?"

"గులాబ్ ములుగు పోయింది సార్, చెల్లె కాన్పుకు. గిర్నిల మా అత్త బడేబీ కూసున్నది. ఆమెకు చెవులు ఇనపడయి. పక్కింటి సమ్మమ్మ బిడ్డ పెండ్లికి అరిసెల బియ్యం పడుతాంది. తడి బియ్యం."

అంతలోనే అదురు నలభై ఎనిమిది రేకుకు దిగింది. ఫోన్ మోగింది. హైదరాబాదు కంట్రోల్ రూమ్ నుంచి.

"కొత్తవాడకు పోయే ఫీడర్ లైను తియ్యండి, వెంటనే. ఇంకా దిగితే జనరేటర్లు ఒకటి వెనక ఒకటి ఆగిపోతాయి."

"వేరే ఫీడర్ తీద్దాం భాయ్," అన్నాను.

"ఇయ్యాల వంతు కొత్తవాడది. నా ఇంటి కోసం ఇంకోల్ల కరెంటు ఎట్ల తీస్త?"

"జర ఆగుదాం, పోనీ."

"ఆగితే హనుమకొండ దవాఖానల గూడ చీకటైతది సార్."

కళ్లు మూసుకుని హ్యాండిల్ తిప్పేశాడు. అన్ని ఊళ్లలోనూ ఇలాగే తీసి ఉంటారు, రేకుల అదురు మెల్లగా యాభై వైపు జరిగింది. ఆయన మాత్రం మీటరు వైపు చూడలేదు.

డ్యూటీ దిగగానే ఇద్దరం సైకిలెక్కి కొత్తవాడ పోయాం. గిర్ని ముందు బడేబీ కొంగుతో విసురుకుంటోంది. పక్కనే సమ్మమ్మ, సగం నిండిన తపేలా.

రాళ్లు బిగుసుకున్నాయా అని పాషా భాయ్ చేతులతో అడిగాడు.

"ఎందుకు బిగుసుకుంటయ్? కరెంటు పోకముందె ఖాళీ చేసిన."

ఎట్లా తెలిసిందని మళ్లీ చేతులు తిప్పాడు. బడేబీ పాదం చూపించింది.

"చెవులు పోయినయ్ గని కాళ్లున్నయ్ గద బిడ్డా. కాలి కింది బండ అదురు తగ్గింది. అల్లుడు పని మొదలు పెట్టిండనుకున్న."

"కరెంటిస్తవా పాషా, పెండ్లి పిలగాడు వచ్చినంక ఇస్తవా?" అంది సమ్మమ్మ.

పాషా భాయ్ అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వాడు. పొద్దున్నుంచీ ఆ నవ్వు చూడలేదు నేను.

బల్బు వెలిగింది. మోటారు అందుకుంది. సమ్మమ్మ బియ్యం ఎత్తబోతే బడేబీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. మోటరు ఇంకా కుదురలె."

చెప్పు విడిచి బండ మీద పాదం ఆనించింది. నేను గబగబా బూట్లు విప్పేశాను.