తిట్ల పుస్తకం

ఆమె దుకాణాల్లో నోరు విప్పడం మానేసి అప్పటికి రెండు నెలలు. కావలసినదాన్ని వేలితో చూపించేది. ఎన్ని కావాలో కూడా వేళ్ళతోనే చెప్పేది. ఆ సాయంత్రం గుడ్ల దుకాణంలో నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. గుడ్లావిడ ఆరు గుడ్లు సంచిలో పెట్టి ఇంకొకటి తీయబోతుంటే, ఆమె అలవాటు తప్పి "చాలు" అంది.

ఒక్క మాటే. గుడ్లావిడ చెయ్యి ఆగిపోయింది.

"ఓహో, నువ్వా. ఆరున్నరకి రేడియోలో మాట్లాడేది నువ్వేనా? మంచాన పడ్డ తండ్రిని గాలికొదిలేసి పోయావు చూడు."

"అది కథమ్మా."

"కథైతే ఏం. గొంతు నీదేగా."

సంచిలోంచి రెండు గుడ్లు వెనక్కి తీసింది. బుట్ట అడుగున చెయ్యి పెట్టి, నెర్రిచ్చినవి రెండు ఏరి వాటి స్థానంలో పెట్టింది. వరసలో ఎవరో "దాని నోరు పడిపోను" అన్నారు. ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నేను నా గుడ్లు తీసుకున్నాను. నాకు మంచివే ఇచ్చారు.

నాదీ ఆ రేడియో స్టేషనే. కింది అంతస్తులో నా బల్ల, పైన ఆమె స్టూడియో. ఆమె సీరియల్లో ఇరవై రెండేళ్ళ చెల్లెలు. అసలు వయసు నలభై నాలుగు. నా ముఖం ఆమెకు తెలుసు, నేను చేసే పని తెలియదు.

నా పని ఉత్తరాలు చదవడం. శ్రోతలు రాసినవీ, ఫోన్లో చెప్తే కాగితాల మీద రాసుకున్నవీ అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. వాటిని రెండు పుస్తకాల్లోకి ఎక్కించాలి. కథలో మనిషిని తిడితే ఎర్ర అట్ట పుస్తకంలో ఆ మనిషి పేరు కింద ఒక గీత. కథ రాసినాయన్ని తిడితే నీలం అట్ట పుస్తకంలో ఒక గీత. ఎర్రదాన్ని ఆఫీసంతా తిట్ల పుస్తకం అంటారు. నీలానిది సలహాల పుస్తకం. నాకు ముందు ఈ పని చేసిన పెద్దాయన రిటైరయ్యే రోజు పద్ధతంతా చెప్పి, "బుర్ర వాడకు తల్లీ, తిట్టు ఎవరికి తగిలిందో చూడు, గీత పెట్టు, అంతే" అన్నాడు. రెండేళ్ళు అలాగే పెట్టాను.

శుక్రవారం మీటింగులో ప్రొడ్యూసర్ గారు తెరిచేది తిట్ల పుస్తకం ఒక్కటే. ఎనిమిది వారాలు వరసగా ఒకే పేరు పైనుంటే, ఆ మనిషిని కథలోంచి తీసేస్తారు. నేను చేరాక అలా ముగ్గురు పోయారు. ఒక అత్త, ఒక నర్సు, ఒక వదిన. మూడు పేర్లూ నా చేతి రాతే.

"చెల్లెలు, అన్ని వారాలూ కలిపి రెండు వందల ముప్పై ఒకటి," అని చదివారు ప్రొడ్యూసర్ గారు ఆ శుక్రవారం. "ఎనిమిదో వారం. మాస్టారూ, లారీయా, జ్వరమా?"

కథ రాసేది మాస్టారు. ఆయన చెవిలో పెన్నుమూత తిప్పుకుంటూ, "లారీ అయితే ఒక్క ఎపిసోడులో తేలిపోతుంది. జ్వరమంటే ఆవిడకి నాలుగు వారాలు డబ్బులివ్వాలి" అన్నాడు.

"లారీనే."

తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని నేను అదీ రాసుకున్నాను.

నెర్రిచ్చిన గుడ్లు గుర్తొచ్చాయో ఏమో, ఆ మధ్యాహ్నం కట్టలు విప్పి పాత ఉత్తరాలు మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. కథలో జరిగింది ఇది. తండ్రి మంచాన పడ్డాడు. అన్న ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ఆయన్ని రెండు రోజులు ఒంటరిగా వదిలి వెళ్ళాడు. మూడు వారాల తర్వాత చెల్లెలూ అలాగే వెళ్ళింది, అదీ ఇంటర్వ్యూకే. రెండుసార్లూ పక్కింటివాళ్ళే వచ్చి ఆయనకు అన్నం పెట్టారు.

ఒక శ్రోత ప్రతి వారం ఆకుపచ్చ సిరాతో రాస్తాడు. అన్న వెళ్ళిన వారం ఆయన ఉత్తరం: "రచయిత గారికి మతి పోయిందా? బంగారం లాంటి కుర్రాడి చేత ఇలాంటి పనా చేయించేది?" చెల్లెలు వెళ్ళిన వారం: "ఇది మొదట్నుంచీ ఇంతే. దీని నడకలోనే తెలుస్తోంది." రేడియోలో నడక ఎలా కనిపించిందో మరి. మొదటిదాన్ని సలహాల్లో రాశాను, రెండోదాన్ని తిట్లలో. పద్ధతి ప్రకారం రెండూ సరైనవే.

నాలుగు రోజులు భోజనం బల్ల దగ్గరే చేసి అన్నీ లెక్కపెట్టాను. అన్న చేసిన పని మీద వచ్చిన ఉత్తరాలు రెండు వందల ఇరవై మూడు. అందులో తొమ్మిదే తిట్ల పుస్తకంలోకి వెళ్ళాయి. మిగిలిన రెండు వందల పద్నాలుగూ మాస్టారికి సలహాలై బీరువాలో పడుకున్నాయి.

తర్వాతి శుక్రవారం రెండు పుస్తకాలూ పట్టుకెళ్ళాను. మీటింగులో నేనుగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆకుపచ్చ సిరా ఉత్తరాలు రెండూ చదివాను. లెక్క చెప్పాను.

"అయితే ఏమంటావమ్మాయ్?"

"ఇద్దరిమీదా కోపం దాదాపు సమానమేనండీ. గీత పెట్టిన చోటే వేరు. చెల్లెల్ని తీసేయడం..."

"సమానం ఎలా అవుతుంది? వాడినెవరూ ఏమీ అనలేదు. మాస్టార్ని అన్నారు."

"నన్నంటే పర్లేదులే," అన్నాడు మాస్టారు. "నన్ను లారీ కింద వేయరుగా." పుస్తకాల వంక చూశాడు. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అదే అంటోంది ఈ పిల్ల."

"అర్థమైందిగా మీకు. మరి మార్చి రాయండి," అన్నాను.

"ఎందుకు మార్చడం? లారీ రాసేశాను."

ప్రొడ్యూసర్ గారు నీలం పుస్తకాన్ని వేలితో నా వైపు తోశారు. "నీకు జీతం గీతలు పెట్టడానికి. గీతలతో తగువు పెట్టుకోవడానికి కాదు."

ఈ సంగతి పైఅంతస్తుకు చేరడానికి గంట పట్టలేదు. మెట్ల దగ్గర ఆమె నాకోసం కాచుకుని ఉంది. చేతిలో టీ ఫ్లాస్కు.

"ఆ పుస్తకం రాసేది నువ్వేనట."

"అవునక్కా. ఇప్పుడు మళ్ళీ లెక్కపెట్టి..."

"ఇప్పుడు సరే. రెండేళ్ళుగా?"

చేతిలోని పెన్నుకి మూత పెట్టాను.

"ఊళ్ళోవాళ్ళు తిట్టారంటే వాళ్ళకు కథకీ మనిషికీ తేడా తెలీదనుకున్నాను. నీకు తెలుసుగా. గుడ్ల దుకాణంలో నా వెనక నిలబడింది నువ్వే కదూ. మంచిదానివే. నోట్లో నాలుక లేనిదానివని అందరూ అంటారు. నాలుకెందుకు, చేతిలో పెన్నుంటే చాలదూ." ఫ్లాస్కు మూత బిగించుకుంది. "అక్కా అనకు నన్ను."

లారీ ఎపిసోడు సోమవారం రికార్డు చేశారు. ఆమె కేక వేయాలి, తర్వాత "నాన్నా" అనాలి. కేక ఒక్కసారికే కుదిరింది. "నాన్నా" దగ్గర ప్రొడ్యూసర్ గారు మూడుసార్లు ఆపారు, పశ్చాత్తాపం చాలడం లేదని. నాలుగోసారి ఆమె ఎలా అందంటే, సౌండు చూసే అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. ప్రొడ్యూసర్ గారు మాత్రం "ఊఁ, పర్లేదు" అన్నారు.

చావు ప్రసారమైన వారం నూట ఎనభై ఆరు ఉత్తరాలొచ్చాయి. నేను ఆశపడ్డాను. ఒక్కరైనా చెల్లెల్ని పాపం అంటారనుకున్నాను. ఆకుపచ్చ సిరా ఆయన ఇలా రాశాడు: "పోతూ పోతూ కూడా ఆ కుర్రాడి నెత్తిన బరువు పెట్టి పోయింది. రచయిత గారూ, ఆ అబ్బాయిని ఇంకా ఎన్ని కష్టాలు పెడతారు?" మిగిలినవీ అటూ ఇటుగా ఇవే మాటలు.

చెల్లెలి పేజీ కొట్టేయించారు కాబట్టి, పద్ధతి ప్రకారం అన్నీ సలహాల పుస్తకంలోకే వెళ్ళాలి. నేను ఎర్ర పుస్తకం తెరిచాను. అన్న పేరు కింద నూట ఎనభై ఆరు గీతలు పెట్టాను, ఐదేసి చొప్పున, నీటుగా.

శుక్రవారం ప్రొడ్యూసర్ గారు చదవబోయి ఆగారు. "ఇదేంటి? తప్పు రాశావు."

"లేదండీ. ఉత్తరాలన్నీ ఆ అబ్బాయి గురించే."

"వాడిని తిట్టలేదు కదా."

"చనిపోయిన పిల్లనండీ తిట్టింది. ఆమె పేజీ మీరే కొట్టేయించారు. ఈ తిట్లు ఎవరో ఒకరి పేరున రాయాలి కదండీ. ఇంకా ఏడు వారాలు చూడండి."

మాస్టారు దగ్గుతూ కిటికీ వైపు తిరిగాడు. ప్రొడ్యూసర్ గారు ఆ పేజీ చింపారు. తర్వాత పుస్తకాలు రెండూ తన బల్ల కిందికి లాక్కున్నారు. సోమవారం నుంచి నన్ను పాత టేపుల గదిలో వేశారు. చీటీలు అంటించే పని.

ఆ సోమవారం సాయంత్రమే గుడ్ల దుకాణంలో ఆమె మళ్ళీ కనిపించింది. నా వైపు చూసి తల తిప్పుకుంది. తన వంతు రాగానే నిండు గొంతుతో అడిగింది.

"ఆరు గుడ్లు. పగిలినవి వద్దు."

గుడ్లావిడ ఎగాదిగా చూసింది. "చచ్చావుగా. మళ్ళీ ఎందుకొచ్చావు?"

"చచ్చినదాన్ని ఇంకేం చేస్తావు? ఏరి పెట్టు."

గుడ్లావిడ గొణుక్కుంటూ ఒక్కొక్కటీ దీపం వెలుగులో తిప్పి చూసి పెట్టింది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఆరూ తడిమి చూసుకుంది. పక్కకు తప్పుకుంటూ, గుడ్లావిడ చూస్తుండగానే నా ముందు ఆగింది.

"నీవి కూడా చూసి తీసుకో," అంది. "పేజీ చింపారటగా. ఇంకా మంచివే ఇస్తుందనుకోకు."