ఎర్రపేలిక

రెండు రూటర్లు పెట్టాం, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది అని గోడల మీద రాయించుకున్న కంపెనీ దొరల్లారా, ఆ రెండోదాన్ని నిద్ర లేపడానికి నాలుగంతస్తులు ఎక్కుతున్నదెవరో ఒక్కసారైనా అడిగారా?

సింహాచలం ఎక్కుతున్నాడు. బయటి తీగ తెగితే మొదటి రూటరు తీగ పీకడానికి ఒకసారి, తెగింది అతికాక మళ్ళీ తగిలించడానికి ఒకసారి. ఇవాళ మధ్యాహ్నం కాకుండానే ఇది మూడోసారి. మంగ్లా పేటలోని ఆ ఇంటర్నెట్ ఆఫీసుకి లిఫ్టు లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వంకరపోయిన వేళ్ళు మెట్ల కమ్మీ పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. మూడో అంతస్తులో ఆగి, ఎడమ చెయ్యి నొక్కుకుంటూ గోడకి చేరబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మెట్లు మానెయ్యమని డాక్టరు చెప్పి నెలయింది.

కింద ఫిర్యాదుల డెస్కులో కూర్చునే స్వాతి ఫోను చేసింది.

"బాబాయ్, మస్తూరీ ఊరివాళ్ళు ఫోన్లు చేసి తినేస్తున్నారు, నెట్ లేదంట. ఇక్కడ రూటరు లైటేమో గ్రీనే చూపిస్తోంది, పతా నహీ క్యోఁ, ఎందుకో తెలీట్లేదు."

"లైటుకేటమ్మా, నానున్నాను, నానున్నాను అంటాది. దానెనక తీగ తెగిపోనాదని సెప్పుకోడం దానికి రాదు. ఇది ఉన్నానంటే ఆ రెండోది నోరు మూసుకుని కూకుంటాది."

జబ్బల్లా అదే. బయటి లింకు తెగినా మొదటి రూటరు బతికే ఉంటుంది. బతికున్నానని పక్కదానికి కబుర్లు పెడుతూనే ఉంటుంది. జనం పంపిందంతా పట్టుకెళ్ళి గోతిలో పోస్తుంది. లింకు పోతే పెద్దరికం వదులుకో అని దానికి ఒక్క వరస రాసిపెడితే చాలు. ఆ వరస రాయమని రాయపూర్‌లో ఉండే ఇంజనీరు మనీష్‌ని సింహాచలం ఎనిమిది నెలలుగా అడుగుతున్నాడు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉంది. పోయిన వారం కూడా మనీష్ నవ్వాడు.

"అరే అంకుల్, ఆప్ హైఁ నా."

మీరున్నారుగా, అన్నాడు. సింహాచలం ఉన్నంతకాలం ఆ వరసతో ఎవరికి పని?

నాలుగో అంతస్తు గదిలో రూటరు పెట్టెలకి మాత్రం ఏసీ ఉంది. మొదటి పెట్టె వెనక డజను నీలం తీగలు. పీకాల్సిన తీగకి గుర్తుగా ఎర్రపేలిక కట్టుకున్నాడు. గాంగ్‌మన్‌గా పట్టాలు కాచిన తండ్రి జెండాలోంచి చింపిన ముక్క అది. తడిమి పట్టుకుని లాగాడు. మొదటి పెట్టె మాట ఆగింది. పది సెకన్లకి రెండోది అందుకుంది.

"వచ్చేసింది బాబాయ్," అని కింద నుంచి ఫోన్లో స్వాతి. "టీ తెప్పించాను, దిగు. లేటయితే పకోడీ నేనే తినేస్తా మరి."

టీ చల్లారినా అతను దిగకపోయేసరికి ఆమె పైకి వెళ్ళింది. సింహాచలం పెట్టెల బీరువాకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు, డ్యూటీ దిగిన మనిషిలాగ. ఒళ్ళు చల్లబడిపోయింది.

కింద హాజరు తెర మీద అతని పేరు పక్కన పచ్చచుక్క సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది.

ఇంకో సింహాచలాన్ని వెతక్కండి. ఆ ఒక్క వరసా ఇవాళే రాయండి. రాసేదాకా, అతను పీకిన తీగ కొసన వేలాడుతున్న ఆ ఎర్రపేలిక మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి.