పదిహేడో వరుసలో పక్క సీటు

విల్ఫ్ ఆర్మరాడ్ పొయ్యి తలుపు తెరిచి, రేకులోని పేస్టీలను వెనకవి ముందుకీ ముందువి వెనక్కీ మార్చాడు. బ్రాకెన్‌షా సంతలోని ఆ బేకరీలో నలభై రెండేళ్లుగా అతని పని ఇదే. మాంసమూ బంగాళదుంపా కూరి, మడిచి, అంచు నొక్కి కాల్చడం. పొట్టివాడు, భుజాలు ముందుకి వంగినవాడు. ముంజేతుల మీద రేకు అంచులు తగిలి కాలిన గీతలు, కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. ఎంత తుడుచుకున్నా కనుబొమ్మల్లో కాస్త పిండి మిగిలిపోతుంది.

రెండు పేస్టీల మీద మాత్రం కాల్చేముందే కత్తిమొనతో అక్షరాలు గీశాడు. ఉల్లిపాయ లేనిది తనది, దానిమీద డబ్ల్యూ. రెండోదాని మీద హెచ్.

"మళ్లీ రెండా?" అంది దుకాణం యజమానురాలు డోరీన్. "మూడు ఆటల నుంచి రాని మనిషికి పేస్టీ ఏంటి విల్ఫ్? అది కూడా నువ్వే తిని బొజ్జ పెంచుతున్నావ్."

"ఇవాళ వస్తాడు. ఆట వేళలు మార్చారు కదా, తికమక పడుంటాడు."

"మూడుసార్లూనా?"

విల్ఫ్ పొయ్యి తలుపు మూశాడు. ఆ లెక్క అతనికీ కుదరడం లేదు.

హెడ్లీ ఏమైపోయాడు? నెల రోజులుగా విల్ఫ్‌ని తినేస్తున్న ప్రశ్న అదొక్కటే. ఫుట్‌బాల్ మైదానం స్టాండులో, పదిహేడో వరుసలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఇద్దరివీ పక్కపక్క సీట్లు. విల్ఫ్ పేస్టీలు తెస్తాడు, హెడ్లీ ఫ్లాస్కులో టీ తెస్తాడు. వాన రాబోయే ముందు హెడ్లీ కుడి మోకాలు సలుపుతుందని విల్ఫ్‌కి తెలుసు. మనవాళ్ల పెనాల్టీ అయితే చూడలేక కళ్లు మూసుకుంటాడని తెలుసు. ఇంటిపేరు తెలియదు. ఇల్లెక్కడో తెలియదు. పెళ్లాం పిల్లలు ఉన్నారో లేదో తెలియదు. గేటు బయటి సంగతులు అడగడం ఆ స్టాండులో మర్యాద కాదు. అడుగుదామన్నా తీరికేదీ, రిఫరీని తిట్టడానికే తొంభై నిమిషాలు చాలవు.

పోయినసారి ఉండబట్టలేక టికెట్ల కిటికీ దగ్గర అడిగాడు. లోపలి అమ్మాయి ఇంటిపేరు చెప్పమంది. తెలియదన్నాడు. తెలిసినా మరొకరి వివరాలు చెప్పకూడదంది. ఇంతా చేసి సాయంత్రం ఫోన్‌కి ఒక సందేశం పంపారు, మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని.

పదకొండింటికి ఏప్రన్ విప్పి, వెచ్చటి పొట్లాలు రెండూ కోటు లోపలి జేబుల్లో పెట్టుకుని మైదానానికి బయలుదేరాడు. ఇవాళ ఆట పన్నెండున్నరకి. పోయినసారి ఆదివారం రెండింటికి, అంతకుముందు శుక్రవారం రాత్రి. శనివారం మూడింటికి ఆట అన్నది అతనికి ఒంట్లో పాతుకుపోయిన గడియారం. ఇప్పుడు టీవీ వాళ్లు ఎప్పుడంటే అప్పుడే.

టౌన్ జట్టు పై డివిజన్‌కి ఎక్కి రెండేళ్లయింది. యజమాని ఎవరో అడిగితే ఒక మనిషి పేరు కాకుండా ఒక కంపెనీ పేరు చెబుతారు. చిహ్నంలోని పొట్టేలుని పీకేసి త్రికోణం పెట్టారు. గోల్‌కీపరు బంతిని ముందుకి తన్నడు, కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కవాడికి నెడతాడు, వాడు మళ్లీ వీడికే నెడతాడు, చూసేవాడి గుండె నోట్లోకి వస్తుంది. ఆటగాళ్ల పేర్లు నోటికి వచ్చేలోపు వాళ్లు ఇంకో ఊరు పోతారు. పోనీ జట్టు ఓడిపోతోందా అంటే, అదీ లేదు. గెలుస్తోంది! యాభై ఏళ్లు ఓడిన జట్టు విల్ఫ్‌కి బాగా అర్థమయ్యేది. ఈ గెలిచే జట్టుని ఏమనాలో అతనికి తోచడం లేదు. ఇలాంటివి తోచనప్పుడు హెడ్లీ ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

గేటు దగ్గర, ఈమధ్యే పెట్టిన ఫోన్ టికెట్‌ని మూడుసార్లు చూపించాక తలుపు తెరుచుకుంది. హెడ్లీది పాత మీటల ఫోను. ఇక్కడే ఆగిపోయి ఉంటాడు, అంతే అయి ఉంటుంది, అనుకున్నాడు విల్ఫ్.

ఆ స్టాండులో సీట్లన్నీ మనిషి లేవగానే టప్పున మడుచుకుంటాయి. హెడ్లీ సీటుకి మాత్రం స్ప్రింగు విరిగి ఆరేళ్లయింది, అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. బాగు చేయమని హెడ్లీ ఉత్తరాలు రాసి రాసి, చివరికి "నా సీటుకి నామీద నమ్మకం ఎక్కువ" అని ఊరుకున్నాడు. విల్ఫ్ హెచ్ పొట్లం ఆ సీటు మీద పెట్టి కూర్చున్నాడు.

ఆట మొదలైన పది నిమిషాలకి యాభై దాటిన ఒకావిడ వరుసలోకి వచ్చింది. నీలం కోటు, మెడలో ముడుతలు పడ్డ పాత ఊలు మఫ్లరు. పొట్లాన్ని జాగ్రత్తగా ఎత్తి ఒళ్లో పెట్టుకుని హెడ్లీ సీట్లో కూర్చుంది.

"అది హెడ్లీ సీటమ్మా," అన్నాడు విల్ఫ్, కాస్త కటువుగానే.

"తెలుసండీ."

అంతలో బంతి వలలో పడింది. స్టాండంతా ఒక్కసారిగా లేచి అరిచింది, విల్ఫ్ కూడా లేచాడు. లేచిన చేతులు సగంలోనే ఆగాయి. తెర మీద 'పరిశీలనలో ఉంది' అని పడింది.

"గోలే కదా? అందరూ ఆగిపోయారేంటి?" అందావిడ.

"ఇంకా తెలీదమ్మా. ఎక్కడో గదిలో వేరే రిఫరీలు కూర్చుని టీవీ మీద గీతలు గీస్తుంటారు. వాళ్లు సరేననేదాకా మనం సంతోషపడకూడదు."

ఆవిడ నవ్వింది. "నాన్న కూడా ఇలాగే అనేవారు."

ఆ 'అనేవారు' దగ్గర విల్ఫ్ ఆగిపోయాడు. ఆవిడ ఒళ్లోని పొట్లం మీదికి చూపు దించింది.

"పేస్టీ ఆయన మీరేనా?"

"నేనే. హెడ్లీ ఏడమ్మా?"

"పోయారండీ. నెల దాటింది. నిద్రలోనే." ఆవిడ మఫ్లరు సర్దుకుంది. "అందరికీ కబురు చేశాం. మీకు చెప్పాలంటే మీ పేరు ఎవరికీ తెలీదు. నాన్న నోట ఎప్పుడూ పేస్టీ అనే విన్నాం. పేస్టీ ఇలా అన్నాడు, పేస్టీ అలా తిట్టాడు అని. చూస్తారేమోనని పేపర్లో కూడా వేయించాం. చర్చిలో ముందు వరుసలో మీకోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచాం."

ఊరి పేపరుని విల్ఫ్ వెనక పేజీ నుంచి చదువుతాడు. ఆటల పేజీలు అయిపోగానే మడిచి పక్కన పడేస్తాడు. చావుల పేజీ దాకా అతను ఎన్నడూ వెళ్లలేదు.

రిఫరీ చేత్తో మైదానం మధ్యకి చూపించాడు. గోల్ ఇచ్చారు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా స్టాండు మళ్లీ గొంతెత్తింది. గోల్ పడితే హెడ్లీ విల్ఫ్ టోపీ లాగి బట్టతల మీద చరిచేవాడు. విల్ఫ్ ఎందుకో తల కొంచెం వంచాడు. ఏ దెబ్బా పడలేదు. ఏడుపు ఆగలేదు, చిన్నపిల్లాడిలా వెక్కాడు. ముందు వరుస వాళ్లు వెనక్కి తిరిగి సంతోషమనుకుని అతని వీపు తట్టారు.

"ఇంటిపేరేంటమ్మా?" అన్నాడు కాసేపటికి.

"థ్రెల్ఫాల్. హెడ్లీ థ్రెల్ఫాల్."

"నాది ఆర్మరాడ్," అన్నాడు, హెడ్లీకే చెబుతున్నట్టు ఆ సీటు వైపు తిరిగి. "విల్ఫ్ ఆర్మరాడ్."

విరామంలో ఆవిడ సంచిలోంచి ఫ్లాస్కు తీసి టీ పోసింది. గేటు దగ్గర సంచి వెతికి ఫ్లాస్కు ఆపబోతే, అందులో మందులని ఏడుస్తూ చెప్పిందట. విల్ఫ్ పేస్టీ తినమన్నాడు.

"నేను మాంసం తిననండీ," అని ఆవిడ సిగ్గుపడింది. "నాన్నకి అదొక్కటే దిగులు."

పొట్లం విప్పి, హెచ్ మీద వేలు ఒకసారి పెట్టి, లేచి దాన్ని సీటు మీదే ఉంచింది. వచ్చే ఆట నుంచి ఈ సీటు ఇంకెవరికో ఇస్తారట. ఒక్కసారి చూడాలనిపించి వచ్చానంది. అతని చెయ్యి గట్టిగా నొక్కి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మిగతా సగం విల్ఫ్ చూశాడు కానీ, తర్వాత డోరీన్ అడిగితే ఎన్ని గోల్సో చెప్పలేకపోయాడు. జనం పాడుకుంటూ దిగిపోయారు, వరుసలో సీట్లు ఒకదాని తర్వాత ఒకటి టప్పు టప్పున మడుచుకున్నాయి. చివరికి అతను లేచాడు, అతనిదీ మడుచుకుంది. పదిహేడో వరుసలో హెడ్లీ సీటు ఒక్కటే, మీద చల్లారిన హెచ్ పేస్టీతో, ఇంకా తెరుచుకుని ఉంది.