పరుపుల ప్రకటన కింద మా ఇంటి నంబరు

మా మరిది ఇంటర్నెట్‌లో ప్రకటనలు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. ఈమధ్య ఆ కంపెనీ పేపర్లో ప్రకటనల చోటు కూడా అమ్మడం మొదలుపెట్టింది. మావారిది అదే పేపర్లో ప్రకటనల విభాగం. సగం పని వాళ్ళ చేతికి పోయిన రోజు నుంచీ ఒకే ఇంట్లో ఉంటూ అన్నదమ్ములిద్దరూ ఉప్పూ నిప్పూ.

ఈ ఉదయం మరిది వేయించిన మొదటి ప్రకటన వచ్చింది. పరుపుల దుకాణానిది, నిండు పేజీ. అడుగున గుమ్మడికాయలంత అంకెల్లో మా ఇంటి ఫోను నంబరు.

"నమూనాకని పెట్టానొదినా." మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. "తర్వాత మార్చొచ్చు కదా అని..."

"మార్చు మరి." మావారు పేపరు అతని ముందుకు తోశారు. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు. అచ్చు జారితే ఏం చెయ్యాలో మీ కంపెనీ నేర్పలేదా?"

"షాపాయన ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతుందన్నయ్యా."

అంతలో ఫోను మోగింది. ముగ్గురం దాన్ని పామును చూసినట్టు చూశాం. చివరికి నేనే ఎత్తాను.

"తగ్గింపు ఎన్నాళ్ళుంటుందండీ?"

"సరుకున్నన్నాళ్ళు. తొందరగా షాపుకెళ్ళండి." చిరునామా మాత్రం సరిగ్గానే పడింది, అదే పదివేలు.

పెట్టగానే మళ్ళీ మోగింది. పొయ్యి ఆర్పేశాను. నడుం నొప్పికి గట్టిదా, మెత్తటిదా అని ఒకావిడ. చిన్న పరుపు ఇద్దరికి సరిపోతుందా అని ఒకాయన.

"మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే సరిపోతుందండీ."

తర్వాతి గొంతు బేరం అడగలేదు. "ఎవరమ్మా నువ్వు? నా షాపులో ఆడవాళ్ళెవరూ పనిచెయ్యరే!"

మరిది కళ్ళు మూసుకున్నాడు. బయటికి వినబడుతున్న ఆ గొంతు మావారికి ఏళ్ళ తరబడి తెలుసు, ఆ షాపు ప్రకటనలు మొన్నటిదాకా ఈయనే వేసేవారు. లేచి, ఫోను కోసం చెయ్యి చాపారు. ఏం చెప్పబోతున్నారో అంతుపట్టక నేనివ్వలేదు.

"ప్రకటన వేయించిన అబ్బాయి వదిననండీ. పొరపాటున మా ఇంటి నంబరు పడింది. ఫోను చేసినవాళ్ళందర్నీ మీ షాపుకే పంపుతున్నాను. ముందు తలుపు తియ్యండి, తిట్లు తర్వాత."

షాపాయన గొంతు కాస్త తగ్గింది.

"సాయంత్రందాకా మీరే ఎత్తుతారా?"

"ఎత్తితే అబ్బాయి మీద ఫిర్యాదు చెయ్యరుగా?"

"జనం వస్తే చెయ్యను."

ఫోను పెట్టాను. మావారు చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఇటివ్వు. ఆయన పరుపుల సంగతి నీకేం తెలుసు?"

మళ్ళీ మోగింది.

"నమస్కారమండీ, పరుపులు," అన్నారు మావారు, తమ్ముడి వంక చూడకుండా.